ఆఖరికి నిలబడేది ఎవరు?

మా పెద్దమ్మకి థైరాయిడ్ చికిత్సలో అయోడిన్-131 ఇచ్చారు. కొన్నాళ్లు చిన్నపిల్లలకి దూరంగా ఉండమన్నారు. దాని అర్ధజీవిత కాలం 8 రోజులని నేను చెప్తే, "అయితే 16 రోజులకి మొత్తం పోయినట్టేగా, మనవరాలిని ఎత్తుకోవచ్చా?" అని అడిగింది. ఇంజనీరింగ్ చదువుతున్న నేను తలూపేశాను! తప్పు చెప్పానని రాత్రికి గానీ వెలగలేదు.

16 రోజులకి మిగిలేది సున్నా కాదు, నాలుగో వంతు. ఈ సంగతి ఫార్ములా కన్నా ఆట బాగా చెప్తుంది. రేడియోధార్మిక పదార్థం జోలికి పోనక్కర్లేదు, తలా ఒక రూపాయి బిళ్ల చాలు.

క్లాసులో 64 మంది లేచి నిలబడండి. ఒక్కొక్కరు ఒక్కో పరమాణు కేంద్రకం. అందరూ ఒకేసారి నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే క్షయమైనట్టు, కూర్చోవాలి. బొరుసు పడితే నిలబడే ఉండాలి. ఇక్కడ ఒక్కో విసురు ఒక్కో అర్ధజీవిత కాలం. ప్రతిసారీ నిలబడ్డవాళ్లని లెక్కపెట్టి బోర్డు మీద గ్రాఫ్ గీయండి. సుమారుగా 64, 32, 16, 8, 4 అలా వస్తుంది.

కచ్చితంగా 32 రాకపోవచ్చు. 29 రావచ్చు, 35 రావచ్చు. కొద్దిమందే మిగిలాక అంచనా ఇంకా తడబడుతుంది. నిజం పదార్థంలో కేంద్రకాలు కోటానుకోట్లు కాబట్టే వక్రరేఖ అంత నున్నగా వస్తుంది.

ఇప్పుడు ఐదు విసుర్లు దాటి నిలబడ్డవాడిని చూడండి. "ఈసారి వీడు పోవాల్సిందే" అని వెనక బెంచీ అరుస్తుంది. కానీ నాణేనికి పాత విసుర్లు గుర్తుండవు, అవకాశం మళ్లీ సగమే. కేంద్రకానికీ అంతే, ముసలితనం ఉండదు. ఎవరు కూర్చుంటారో చెప్పలేం, ఎందరు కూర్చుంటారో దాదాపుగా చెప్పగలం.

తర్వాత నాణెం బదులు లూడో పాచిక వేయండి. 6 పడితేనే కూర్చోవాలి. ఇప్పుడు సగం మంది కూర్చోడానికి సుమారు 3.8 విసుర్లు పడతాయి. గమ్మత్తేంటంటే, రాడాన్-222 అర్ధజీవిత కాలం కూడా దాదాపు 3.8 రోజులే. విసురుకో రోజు అనుకుంటే మీ క్లాసంతా రాడానే!

మర్నాడు పెద్దమ్మకి ఫోన్ చేశాను. అయోడిన్‌ని శరీరం మూత్రంలో కూడా పంపేస్తుంది కాబట్టి ఒంట్లో ఇంకా త్వరగానే తగ్గుతుందనీ, అయినా నా లెక్క కాదు, డాక్టరు చెప్పిన తేదీయే పాటించమనీ చెప్పాను.

"నువ్వు తలూపిన తీరు చూసే అనుమానం వచ్చిందిరా, డాక్టర్నే అడిగాను" అంది.