పోటీ పరీక్షల ప్రత్యేకం: మానసిక నర్సింగ్ మాత హిల్డెగార్డ్ పెప్లా

రోగితో నర్సుకు ఏర్పడే అనుబంధమే చికిత్సకు ప్రాణమని నిరూపించిన ఆచార్యురాలు, పరిశోధకురాలు పెప్లా.

• జననం: 1909 సెప్టెంబరు 1, రెడింగ్ (పెన్సిల్వేనియా, అమెరికా)
• చదువు: 1931లో నర్సింగ్ డిప్లొమా, 1943లో బెన్నింగ్టన్ కళాశాల నుంచి డిగ్రీ, కొలంబియా విశ్వవిద్యాలయ టీచర్స్ కాలేజీలో 1947లో ఎం.ఏ., 1953లో డాక్టరేట్
• ప్రసిద్ధ గ్రంథం: 'ఇంటర్‌పర్సనల్ రిలేషన్స్ ఇన్ నర్సింగ్' (1952)
• ఆమె నర్సు–రోగి సంబంధ సిద్ధాంతంలోని 4 దశలు: పరిచయం, గుర్తింపు, వినియోగం, పరిష్కారం
• బోధన: 1954 నుంచి 1974 వరకు రట్గర్స్ విశ్వవిద్యాలయం. మానసిక నర్సింగ్‌లో క్లినికల్ నిపుణులను తయారుచేసే తొలి పీజీ కోర్సు రూపకర్త ఆమే
• పదవి: అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ అధ్యక్షురాలు (1970–72)
• మరణం: 1999 మార్చి 17

నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష రాసేవారు గ్రంథం పేరును, వెలువడిన ఏడాదిని, 4 దశల వరుసను తప్పక గుర్తుంచుకోవాలి.