కఫం మళ్లీ ఎందుకు అడుగుతాం?

కొండమీది ఊళ్లనుండి రంపచోడవరం దాకా వచ్చి ఒకసారి కఫం ఇచ్చాం, మళ్లీ ఎందుకండీ అని మమ్మల్ని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు క్షయ క్రిమి లోపలే ఉంది.

క్రిమి బ్రతకడానికి కావలసిన వివరమంతా డి.ఎన్.ఎ. అనే పోగులో నాలుగే అక్షరాలతో రాసి ఉంటుంది. క్షయ క్రిమిలో ఆ రాతను ఇంగ్లాండు, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు 1998లో పూర్తిగా చదివారు. సుమారు 44 లక్షల అక్షరాలు, 4000 జన్యువులు! అయితే వాటిలో చాలా జన్యువుల పని ఏమిటో తెలియలేదు. ఆ పని కనిపెట్టి ప్రతి జన్యువు పక్కన రాసిపెట్టడాన్ని అన్నోటేషన్ అంటారు.

2010లో మన దేశంలో సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ 'కనెక్ట్ టు డీకోడ్' పేరుతో ఈ పనిలోకి విద్యార్థులను పిలిచింది. వాళ్లు ఇంటర్నెట్‌లో నేర్చుకుంటూనే చేశారు. కాలేజీలో చదివే మీ పిల్లలూ ప్రయత్నించవచ్చు. బ్లాస్ట్ అనే ఉచిత సాధనంలో జన్యువు అక్షరాలు పెడితే, ఇదివరకే తెలిసినవాటిలో దాన్ని పోలినవి చూపిస్తుంది. పోలిక ఉంటే పని కూడా ఒకటేనని తొందరపడకూడదు. అన్నదమ్ములు ఒకేలా ఉన్నా ఒకరు సేద్యం, ఒకరు వడ్రంగం చేయవచ్చు కదా!

పని బాగా తెలిసిన జన్యువు ఆర్.పి.ఓ.బి. రిఫాంపిసిన్ మందు దెబ్బ కొట్టేది ఈ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌నే. అక్కడ ఒక్క అక్షరం మారినా మందు పనిచేయకపోవచ్చు. సి.బి.నాట్ యంత్రం సుమారు రెండు గంటల్లో వెతికేది ఆ మార్పునే. డబ్బాలో ఉమ్మి మాత్రమే ఉంటే క్రిమి దొరక్కపోవచ్చు. నోరు పుక్కిలించి, లోపలినుండి దగ్గి తెచ్చిన చిక్కటి కఫం ఇవ్వండి.