రాజ్‌దూత్ 350 ముందు ఫోర్కు: మెత్తనిదా, గట్టిదా?

కళాశాల స్టాండులో అప్పుడప్పుడు ఒక రాజ్‌దూత్ 350 కనిపిస్తూ ఉంటుంది. యమహా ఆర్‌డి 350 నమూనా మీద 1983 నుండి ఎస్కార్ట్స్ వారు మన దేశంలో తయారుచేసిన బండి అది. రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, 347 సి.సి. ఉత్పత్తి ఆగిపోయి మూడు దశాబ్దాలు దాటినా దాన్ని ప్రాణప్రదంగా చూసుకొనేవారు ఇంకా ఉన్నారు. వారితో మాట కలిపితే చాలు, ఇంజను గురించి గంటసేపు చెబుతారు. ముందు ఫోర్కు గురించి మాత్రం పడిన తరువాతే ఆలోచిస్తారు.

మా పూర్వ విద్యార్థి ఒకాయనకు అదే జరిగింది. శ్రీశైలం ఘాట్ దిగుతూ మలుపులో బ్రేకు పట్టాడు. ముందు చక్రం గతుకు మీద ఎగిరి పక్కకు జారింది. మోకాలు గీసుకుపోవడంతో సరిపోయింది గాని, వెనుక లారీ ఉంటే కథ వేరుగా ఉండేది. "షాకప్స్ మెత్తబడ్డాయి సార్, చిక్కటి ఆయిలు పోద్దాం" అన్నాడు మెకానిక్కు. పోశారు. బండి మరింత అధ్వాన్నమైంది. ఎందుకయిందో చూద్దాం.

ఫోర్కులో రెండు వేర్వేరు పనులున్నాయి. బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊగిసలాటను అణచేది ఆయిలు. పాతకాలపు ఫోర్కులో ఒక డంపర్ రాడ్డు, దానికి కొన్ని రంధ్రాలు, అంతే. చక్రం పైకి లేచినపుడు ఆయిలు ఆ రంధ్రాల గుండా దూరి పోవాలి. రంధ్రం గుండా పోయే ద్రవానికి కలిగే నిరోధం సుమారుగా వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో చదువుకొన్నదే. బ్రేకు పట్టినపుడు ఫోర్కు మెల్లగా కుంగుతుంది. గుంటలో పడినపుడు దానికి పది రెట్లు వేగంతో కదిలిందనుకోండి, నిరోధం నూరు రెట్లు! కనుక అదే ఫోర్కు బ్రేకుకు మెత్తన, గుంటకు ఇనుప కడ్డీ. చిక్కటి ఆయిలు పోస్తే బ్రేకు దగ్గర కొద్దిగా లాభం, గుంట దగ్గర నష్టం. పైగా కుంగిన ఫోర్కు తిరిగి పైకి రావడం ఆలస్యమవుతుంది. వరుస గతుకుల మీద అది లేవకముందే మళ్ళీ కుంగి, చివరికి అడుగంటుతుంది.

మరి కుంగుడును ఆపేదేది? స్ప్రింగే. స్థూలంగా లెక్క వేద్దాం. బండి, మనిషి కలిపి 230 కిలోలు, గరిమనాభి ఎత్తు 60 సెం.మీ., చక్రాల మధ్య దూరం 132 సెం.మీ. అనుకొందాం. గురుత్వ త్వరణంలో 0.6 వంతు బ్రేకు పడితే ముందు చక్రం మీదికి అదనంగా వచ్చే బరువు 230 × 0.6 × 60 ÷ 132, అంటే సుమారు 63 కిలోలు. ఒక్కొక్క స్ప్రింగు మి.మీ.కు 0.5 కిలో అయితే రెండూ కలిసి 63 మి.మీ. కుంగుతాయి. కూర్చున్నపుడే 35 మి.మీ. కుంగి ఉంటుంది గనుక మొత్తం 98. ఫోర్కు ప్రయాణం 120 అయితే మిగిలింది 22. ఫరవాలేదు. కాని మన రాజ్‌దూత్‌కు ముందు వచ్చింది డ్రమ్ బ్రేకు. ఇపుడు చాలామంది డిస్కు బిగిస్తున్నారు. బ్రేకు 0.8కి పెరిగితే కుంగుడు 84, మొత్తం 119! గుంటకు ఒక్క మి.మీ. మిగిలింది. బ్రేకు బాగుచేసి ఫోర్కును వదిలేయడం సగం పని కూడా కాదు.

స్ప్రింగు పైన వాషర్లు పెట్టి బిగిస్తే గట్టిపడుతుందని ఒక నమ్మకం ఉంది. అది తప్పు. బండి ఎత్తు మారుతుంది గాని, స్ప్రింగు మి.మీ.కు మోసే బరువు మారదు. చుట్లు తగ్గితేనే మారుతుంది. అందుకే కొందరు స్ప్రింగును కొంచెం కోసి, తగ్గిన పొడవుకు పి.వి.సి. పైపు ముక్క, పైనా కిందా వాషరు పెడతారు. మోటుగా ఉన్నా శాస్త్రీయమైన పద్ధతే. రెండు వైపులా ఒకే కొలత తప్పనిసరి. బరువుకు తగిన కొత్త స్ప్రింగులు దొరికితే ఇంకా మంచిది.

వీటికంటే ముందు కోన్ సెట్టు వదులుగా ఉందా, లోపలి గొట్టాలు వంగాయా, సీళ్ళు కారుతున్నాయా చూడాలి. వంగిన గొట్టానికి ఏ స్ప్రింగు వేసినా దండగే.

తరువాత కొలత. ముందు చక్రం గాలిలో ఉండగా బయటకు కనిపించే గొట్టం పొడవు కొలవండి. బండి దించి, నడిపే భంగిమలో కూర్చుని, స్నేహితుడి చేత మళ్ళీ కొలిపించండి. తేడా మొత్తం ప్రయాణంలో నాలుగో వంతు నుండి మూడో వంతు లోపల ఉండాలి. ఎక్కువైతే పైపు ముక్క పొడవు పెంచాలి, తక్కువైతే తగ్గించాలి.

ఆయిలు మట్టాన్ని స్ప్రింగు తీసి, ఫోర్కును పూర్తిగా నొక్కి, గొట్టం పైఅంచు నుండి కొలుస్తారు. పైన మిగిలిన గాలి కూడా ఒక స్ప్రింగే. మట్టం కొంచెం పెంచితే చివరి భాగం గట్టిపడుతుంది. అత్యాశకు పోతే సీలు తన్నేస్తుంది.

ఇక రంధ్రాల వర్గ సమస్య. దానికి కార్ట్రిడ్జ్ ఎమ్యులేటర్ అనే చిన్న వాల్వు ఉంది. అమెరికాలోని రేస్‌టెక్ వంటివారు చేస్తారు. డంపర్ రాడ్డు నెత్తిన కూర్చుంటుంది, స్ప్రింగే దాన్ని అదిమి పట్టుకొంటుంది. రాడ్డు రంధ్రాలను పెద్దవి చేసి, ఆయిలుకు అడ్డుపడే పని ఈ వాల్వుకు అప్పగిస్తారు. మెల్లని కదలికకు మూసుకొని ఉంటుంది, గుంట వచ్చి పీడనం పెరిగితే తెరుచుకొంటుంది. తిరిగి పైకి లేచే వేగాన్ని మాత్రం ఆయిలు చిక్కదనమే నిర్ణయిస్తుంది. గొట్టం లోపలి వ్యాసం కొలవకుండా కొనవద్దు. రంధ్రాలు ఒకసారి పెద్దవి చేస్తే వెనక్కి రావు.

మా విద్యార్థి ఇంకా అంతదాకా పోలేదు. పలుచని ఆయిలు, కోసిన స్ప్రింగు, రెండు పైపు ముక్కలు, ఇంతే. గొట్టానికి ఒక ప్లాస్టిక్ టై కట్టి ఖాళీ రోడ్డు మీద గట్టిగా బ్రేకు పట్టి చూస్తే, టై ఆగిన చోటు నుండి ఇంకా 20 మి.మీ. ప్రయాణం మిగిలి ఉంది.