దోర్నకల్లు దేవాలయము: తామరయు సిలువయు

పెనుకొండలోని గగన్ మహలును మనలో అనేకులు చూచియుందురు. సుల్తానుల నాటి రీతి కమానులు ఒకప్రక్క, గుడి శిఖరమును బోలిన గోపురము ఒకప్రక్క. ఒకే కట్టడములో రెండు రీతులు. అట్టి కలయికతో క్రీస్తు ఆరాధనకై కట్టిన మందిరము నేటి తెలంగాణలో నున్నది. అదియే దోర్నకల్లు ఎపిఫనీ కతీడ్రల్.

మన ధర్మవరమువలె దోర్నకల్లును రైలు జంక్షనే. అచ్చటి మిషను ఆవరణములో ఈ మందిరమును కట్టించినవారు వేదనాయగం సామ్యూల్ అజరయ్యగారు. తిరునల్వేలి సీమ తమిళుడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందిరి; ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పగుట అదే మొదలు. మందిర ప్రతిష్ఠ 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు జరిగినది. నడుమ 26 సంవత్సరములు! గుడి కప్పు రెండేండ్లు ఆలస్యమైన సణుగుకొను మనము ఈ లెక్కను చూడవలెను.

ఇంగ్లీషువారి గుడిని నమూనాగా తీసికొనుట ఆయనకు సులభమే. ఆయన అట్లు చేయలేదు. మసీదులలోవలె గుమ్మటములు, మండపములోవలె చెక్కిన స్తంభములు, పైన సిలువ. ఆ చెక్కడములో మన చెరువులోని తామర, మన తోటలోని అరటిపువ్వు.

విడిచివచ్చిన గుడి రూపమును మరల తెచ్చుకొననేల అని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. అయితే ఆ సంఘములో అధికులు మాల, మాదిగ కుటుంబములవారు. లేపాక్షివంటి చెక్కడపు మండపములు దేశమంతట నున్నను, వాకిలి దాటుటకు వారికి సెలవు లేకుండెను. మన ప్రాంతము చేరియున్న మద్రాసు రాజధానిలో ఆలయప్రవేశ చట్టము వచ్చినది 1947లో. అంతకు 8 ఏండ్ల ముందే దోర్నకల్లులో వారు చెక్కిన స్తంభముల నడుమ ఎవరి సెలవును అడుగక ప్రార్థించిరి. అది వారు విడిచివచ్చిన రూపము కాదు, వారిని వెలుపల నిలిపిన రూపము.

1 రాజులు 7వ అధ్యాయము చదువుడి. సొలొమోను మందిరపు స్తంభములను పోతపోసిన హీరాము తండ్రి తూరు పట్టణస్థుడు. ఆ పనిలో పువ్వులును దానిమ్మపండ్లును ఉన్నవి. దేవుడు దానిని త్రోసివేయలేదు. 8వ అధ్యాయములో మేఘము ఆ మందిరమును నింపెను.

అజరయ్యగారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. ఆయన సమాధి దోర్నకల్లులోనే యున్నది. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘపు ముద్రలోను తామరయు సిలువయు కలవు. ఈ ఆదివారము ఆ ముద్రను మీ పిల్లలకు చూపి, ఆ పువ్వు ఏదో వారినే అడుగుడి.