తుఫాను రాత్రులలో మగ్గపు ఇంటి దీపము

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురమువద్ద తీరము దాటినది. 2018లో తిత్లీయు అక్టోబరులోనే వచ్చినది. పెండ్లిచీరల బేరము ముందున్న రోజులలోనే మన గంజాం జిల్లాకు ఈ చీకటి వచ్చుచున్నది. కనుక దీపమును ముందే అమర్చుకొనవలెను.

కిరసనాయిలు బుడ్డి వద్దు. మసి పట్టుపడుగుమీద వ్రాలినచో చీర చెడును, నిప్పుభయము వేరే. జనరేటరును ఇంటిలోపల నడుపుట ప్రాణాపాయము. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు.

ఇక బ్యాటరీ. కొట్టువాడు పెద్దదే చూపును. లెక్క మనము వేసికొందము. 5 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు రెండు, రాత్రికి 6 గంటలు వెలిగిన 60 వాట్-గంటలు. మూడు రాత్రులకు 180. 12 వోల్టుల, 40 ఆంపియర్-గంటల బ్యాటరీలో 480 ఉండును. సీసపు బ్యాటరీని సగముకంటె దించిన త్వరగా పాడగును గనుక 240 మాత్రమే మనది. ఇన్వర్టరు కొంత తినును. 12 వోల్టుల బల్బులను నేరుగా తగిలించిన ఆ నష్టము లేదు. ఫ్యాను కూడ తగిలించితిరా, ఈ లెక్క నిలువదు! సౌరపలక మంచిదే గాని, మబ్బు విడువనిదే అది బ్యాటరీని నింపలేదు.

బల్బు తెల్లని వెలుగుది కావలెను. పసుపు వెలుగులో లేతరంగుల తేడా తెలియదు.

బ్యాటరీని నేలమీద పెట్టరాదు. గాలి తగులు ఎత్తైన అరుగుమీద ఉంచవలెను. నీరు ముందుగా దిగునది మగ్గపు గుంటలోనికే గదా. ఆ రాత్రి నేయుట పని కాదు. నేసిన బట్టను, పడుగును విప్పి అటకకు చేర్చుట పని. అందుకు చార్జింగు చేతిలాంతరు ఒకటి వేరుగా ఉండవలెను. దానిని నెలకొకసారి చార్జి చేయుచుండుడు.