ఒక పుస్తకానికి పదహారేళ్లు

చిరంజీవి చిన్నికి,

నీ ఉత్తరం అందింది. చైనీస్ ఎం.ఏ.లో సీటు వచ్చిందనీ, ముందుముందు ప్రాచీన చైనా తాత్వికుడు జువాంగ్‌జీ మీద పీహెచ్‌డీ చెయ్యాలనుందనీ రాశావు. సంతోషం. మీ అమ్మ విడిగా ఫోన్ చేసింది. ఆవిడ అడిగింది ఒక్కటే, దీంతో ఉద్యోగం వస్తుందా అని. చైనీస్ నిజంగా వచ్చినవాళ్లు ఖాళీగా కూర్చోరు. కంపెనీల్లోనో, అనువాదాల్లోనో, పాఠాలు చెప్పుకునో బతకొచ్చు. పాత చైనా చరిత్రా తత్వమూ మాత్రమే నమ్ముకుంటానంటే మటుకు అలాంటి కొలువులు మన దేశంలో వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అందుకని ఎం.ఏ. అయ్యేలోగా నేటి చైనీస్‌లో జీతం తెచ్చిపెట్టేంత పట్టు సంపాదించు. మిగతాదంతా దాని మీద నిలబడుతుంది.

ఇక నువ్వడిగింది: ఈ చదువులో ఎలా నడుచుకోవాలని. దానికి డెర్క్ బాడ్డె అనే అమెరికా పండితుడి సంగతి చెప్తాను. 1909లో పుట్టాడు. ఇరవైల్లో ఉండగా, 1931 నుంచి 1937 దాకా, పెకింగ్‌లో చదువుకున్నాడు. అప్పుడే ఫెంగ్ యూలాన్ అనే ఆచార్యుడు చైనా తత్వశాస్త్ర చరిత్రను రెండు సంపుటాల్లో పూర్తిచేశాడు. తన పేరు నిలబెట్టుకోవడానికి తన సిద్ధాంతమేదో రాసుకోవలసిన వయసులో, బాడ్డె ఇంకొకరి పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చే పని నెత్తికెత్తుకున్నాడు. మొదటి సంపుటం 1937లో పెకింగ్‌లోనే అచ్చయింది. రెండోది 1953లో ప్రిన్స్‌టన్ నుంచి వచ్చింది. మధ్యలో జపాన్ దండయాత్ర, ప్రపంచ యుద్ధం, ఆపైన అంతర్యుద్ధం. రెండో సంపుటం కోసమే ఫుల్‌బ్రైట్ సాయంతో 1948లో మళ్లీ పెకింగ్ వెళ్తే, నగరం ముట్టడిలో చిక్కుకుంది. 1949 జనవరి చివర్లో కమ్యూనిస్టు సేనలు లోపలికి వచ్చాయి. ఆ ఏడాది రాసుకున్న డైరీ కూడా తర్వాత పుస్తకమైంది. జనం దాన్నే ఎక్కువ చదివారనుకుంటా, లోకం తీరు అంతే.

పదహారేళ్లు వేరొకరి వాక్యాల వెనక నడవడం వృథా అని నీ తోటివాళ్లు అంటారు. నేనలా అనుకోను. వ్యాసం రాసేవాడు కష్టమైన వాక్యం ఎదురైతే పక్కనుంచి తప్పుకుపోతాడు. అనువదించేవాడికి ఆ వీలు లేదు. అందుకే మొదటి రెండేళ్లు ‘జువాంగ్‌జీలో స్వేచ్ఛ’ లాంటి పేపర్లు రాయకు. ఒక అధ్యాయం పట్టుకో. దానికి గువో షియాంగ్ రాసిన పాత వ్యాఖ్య పక్కన పెట్టుకో, మనకిప్పుడున్న 33 అధ్యాయాల కూర్పు ఆయన చేతి చలవే. మూలమూ వ్యాఖ్యా రెండూ తెలుగు చెయ్యి. ఇంగ్లీషు మెట్టు ఎక్కకుండా నేరుగా చెయ్యి. ఫెంగ్ కూడా ఒకప్పుడు ఇదే పని ఇంగ్లీషులో చేశాడు.

బాడ్డె బతుకులో నాకు మరీ నచ్చింది ఆ తర్వాత భాగం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చాలాకాలం పాఠం చెప్పినవాడు తత్వం దగ్గరే ఆగిపోలేదు. క్లారెన్స్ మోరిస్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడితో కలిసి చింగ్ వంశ కాలపు కోర్టు కేసులు 190 ఏరి, 1967లో ప్రచురించాడు. అవి చదివితేగాని కన్ఫ్యూషియస్ అర్థంకాడని నా అభిప్రాయం. గొర్రెను కాజేసిన తండ్రి మీద సాక్ష్యం చెప్పిన కొడుకు ప్రస్తావన వస్తే, కన్ఫ్యూషియస్ ఆ కొడుకును మెచ్చుకోడు. తండ్రీకొడుకులు ఒకరినొకరు కాపాడుకోవడంలోనే నిజాయితీ ఉందంటాడు. క్లాసులో దీన్ని అందమైన నీతి చర్చలా చెప్పి వదిలేస్తారు. 653 నాటి తాంగ్ వంశపు శాసనస్మృతి తెరిచి చూడు. రాజద్రోహం లాంటివి మినహా, దగ్గరి బంధువు నేరాన్ని దాచినవాడికి శిక్ష లేదు. చింగ్ కాలానికి వస్తే, తండ్రి మీద కొడుకు ఇచ్చిన ఫిర్యాదు నిజమే అయినా, కొడుక్కి 100 బెత్తం దెబ్బలు, మూడేళ్ల వెట్టి. అబద్ధమైతే ఉరి. అలాగే దెబ్బ కొట్టిందెవరు, తిన్నదెవరు అన్నదాన్ని బట్టి శిక్ష మారిపోయేది. మనకి పదిరోజుల మైల, మూడురోజుల మైల ఉన్నట్టు వాళ్లకి చుట్టరికపు దగ్గరితనాన్ని బట్టి శోకవస్త్రాల్లో ఐదు తరగతులు. ఆ తరగతుల పట్టికలు శాసనస్మృతి మొదట్లోనే అచ్చువేసి ఉండేవి. న్యాయాధికారి ముందు చుట్టరికం తేల్చుకుని, ఆ తర్వాతే నేరం సంగతి చూడాలి. తండ్రిని కొట్టిన కొడుక్కి మరణశిక్ష. ఇదంతా తెలిసిన మనిషి పితృభక్తి గురించి తేలిగ్గా మాట్లాడలేడు.

రెండు దారులు నిన్ను లాగుతాయి. ఒకటి బౌద్ధం. చైనా అనగానే హ్యూయెన్‌త్సాంగ్, ధాన్యకటకం, నాగార్జునుడు అంటారు. మంచి దారే, కాకపోతే తెలుగువాళ్లం కనక అదే చెయ్యాలన్న రూలేం లేదు. నీకు జువాంగ్‌జీ కావాలంటే జువాంగ్‌జీనే చదువు. రెండోది టీవీ. సరిహద్దులో ఏదైనా జరిగితే చైనీస్ వచ్చిన ప్రతివాడినీ స్టూడియోకి పిలుస్తారు. వెళ్లకు.

తవ్వకాల వార్తలు మాత్రం వదలకు. బాడ్డె 1938లో ప్రాచీన చిన్ వంశపు మంత్రి లీ స్స మీద పుస్తకం తెచ్చినప్పుడు అతనికి ముఖ్యమైన ఆధారం ప్రాచీన చరిత్రకారుడు సీమా చియెన్ రాసిన చరిత్ర. 1975లో హుబెయ్ రాష్ట్రం షుయిహుదిలో ఒక చిన్న అధికారి సమాధి తవ్వితే, వెయ్యికి పైగా వెదురు బద్దలు, వాటిలో చాలావాటి మీద చిన్ చట్టాలు బయటపడ్డాయి. పాత ఆధారాల మీదే శిలలాంటి అభిప్రాయాలు ఏర్పరచుకున్నవాళ్లు అప్పుడు చాలా ఇబ్బంది పడ్డారు.

ఫెంగ్ తర్వాతి కథ కూడా నువ్వు తెలుసుకోవాలి. 1949 తర్వాత తన పాత రాతల్ని తానే విమర్శించుకున్నాడు. 1970ల్లో కన్ఫ్యూషియస్ వ్యతిరేక ఉద్యమంలోనూ గొంతు కలిపాడు, తర్వాత ఆ సంగతి ఆత్మకథలో దాచకుండా రాశాడు. చూపు దాదాపు పోయినా, చెప్పి రాయించుకుంటూ ఏడు సంపుటాల కొత్త చరిత్ర 1990లో ముగించి, ఆ ఏడే పోయాడు. చివరి సంపుటం మొదట హాంకాంగ్‌లో వెలువడింది. ఢిల్లీలో కూర్చుని ఆయన్ని పిరికివాడనడం చాలా సులువు. సెమినార్లలో అన్నవాళ్లని చూశాను, వాళ్లమీద నాకు పెద్ద గౌరవం లేదు. చైనా పండితుల రాతల్లో ఒక మాట ఏ ఏడు రాసిందో చూసుకుని, ఆ తర్వాతే దాన్ని తూచు.

ఇక చిన్నచిన్న విషయాలు. సరళీకరించిన లిపితోపాటు పాత లిపి కూడా మొదటి రోజు నుంచే నేర్చుకో, లేకపోతే ప్రాచీన గ్రంథాల పాత ముద్రణలు నీకు తలుపు తియ్యవు. జపనీస్ కూడా చదవగలగాలి, ఈ రంగంలో వాళ్ల పని అంత ఉంది. బాడ్డె, మోరిస్‌ల పుస్తకం పోస్టులో వేస్తున్నాను. కేసులు వరసగా కాకుండా ముందు ఒకే ఇంట్లోవాళ్ల మధ్య జరిగినవి చదువు. ఎవరికి ఎవరు ఏమవుతారో కాగితం మీద గీసుకుంటే తప్ప తీర్పు అంతుపట్టదు. సంక్రాంతికి వచ్చేటప్పుడు జువాంగ్‌జీ మొదటి అధ్యాయం, ఎన్ని కొట్టివేతలున్నా సరే, నీ తెలుగులో పట్టుకురా.

ఇట్లు,
మీ మామయ్య