జబ్బుపడిన బిడ్డకు ఆట వద్దా?



కొన్నేళ్ళ క్రితం చలికాలంలో, మా చింతపల్లి కొండల్లోని ఒక ఊరికి దివ్యసత్ప్రసాదం తీసుకొని వెళ్ళాను. ఆ ఇంటి అరుగు మీద తొమ్మిదేళ్ళ పిల్లవాడు దుప్పటి కప్పుకొని, వీధిలో ఆడుకునే వాళ్ళను చూస్తూ కూర్చున్నాడు. వాడికి సికిల్ సెల్ జబ్బు. "ఆటకు పోతే నొప్పులొస్తాయి ఫాదర్‌గారూ, మీరైనా చెప్పండి" అన్నది తల్లి. నేనూ చెప్పాను: "బుద్ధిగా కూర్చో నాన్నా, నయమయ్యాక ఆడుకుందువు గాని." పుట్టుకతో వచ్చిన జబ్బు నయమయ్యేదెప్పుడు? ఆలోచించక అన్న ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉన్నది.

మన మన్యంలోని గిరిజన కుటుంబాలలో ఈ జబ్బు కనిపిస్తుంది. గుండ్రంగా ఉండవలసిన ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాలలో ఇరుక్కుంటాయి. అందువల్ల ఎముకలలో, కీళ్ళలో భరించలేని నొప్పి. చలి, జ్వరం, ఒంట్లో నీరు తగ్గటం, మితిమీరిన అలసట దానిని రేపుతాయి. లంబసింగి చలి ఎరిగిన తల్లి భయపడటంలో తప్పు లేదు. 2023లో కేంద్ర ప్రభుత్వం ఈ జబ్బు నిర్మూలనకు జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. రక్తపరీక్షకు పిలిస్తే వెనుకాడవద్దు. ఇది తల్లిదండ్రుల నుండి వచ్చేదే గాని అంటువ్యాధి కాదు. 'వాడితో ఆడకు' అని తమ పిల్లలను వెనక్కు లాగేవారికి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

పునీత తోమాసు అక్వినాసుగారు ఆటను గూర్చి వ్రాసిన భాగాన్ని సెమినరీలో మేము నవ్వుకుంటూ దాటేశాము. శరీరం అలసితే విశ్రాంతి కావలసినట్లే మనస్సు అలసితే ఆట కావాలనీ, మితమైన ఆట సద్గుణానికి చెందినదేననీ అంతటి వేదాంతి వాదించారు. రాత్రంతా నొప్పితో మేలుకొన్న పసివాని కంటె అలసిన మనస్సు ఎవరిది? దేవుడు బాగుచేసిన యెరూషలేమును వర్ణిస్తూ జెకర్యా ప్రవక్త (8:5) చూపినది కూడా వీధుల నిండా ఆడుకొనే బాలబాలికలనే.

పైగా చిన్నపిల్లలకు నొప్పిని మాటలలో చెప్పటం రాదు. గుడ్డబొమ్మకు పుల్లతో సూది పొడిచి, 'ఏడవకు, అయిపోయింది' అని ఓదార్చే పిల్ల తన భయాన్నే ఓదార్చుకుంటున్నది. కొన్ని పెద్ద ఆసుపత్రులలో పిల్లలను ఇలా ఆడించటానికి శిక్షణ పొందినవారే ఉంటారు. మన ఊళ్ళలో ఆ పని అమ్మమ్మలది.

అయితే ఏ ఆట? చన్నీళ్ళలో ఈత వద్దు. ప్లీహం ఉబ్బిన బిడ్డకు కడుపు మీద దెబ్బ తగిలే తోపులాటలు వద్దు. ఎంతవరకు ఆడవచ్చో డాక్టరుగారినే అడగండి. నొప్పి లేని రోజున, ఎండ వచ్చాక, వెచ్చని చొక్కా తొడిగి, నీళ్ళ సీసా ఇచ్చి పంపండి. వాడు అలసి కూర్చుంటే లాగవద్దని తోటి పిల్లలకు చెప్పండి. మిగతా రోజులలో అష్టాచెమ్మా, వామనగుంటలు, పులి-మేక ఉన్నాయి. చింతపిక్కలకు మనకేమి కరువు! కాని ఆట ముందు పెట్టి వెళ్ళిపోవద్దు, తండ్రి కూడా కూర్చొని ఆడాలి. జ్వరమో, ఆయాసమో, ఛాతీ నొప్పో వస్తే ఆట ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. ప్రార్థన చేసి చూద్దామని ఆగవద్దు, ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

మరుసటి నెల ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళినప్పుడు అరుగు మీద సుద్దతో గళ్ళు గీశాను. మూడు ఆటలు ఆడాము, మూడూ వాడే గెలిచాడు. "రేపు కూడా వస్తారా ఫాదర్‌గారూ?" అన్నాడు.